నూనె తలలు

జీపు ఎక్కబోతున్న నిఖిత మళ్లీ వెనక్కి తిరిగింది. "అవ్వా, మరిచిపోవద్దు. రేపు అందరూ తలకు పోసుకొని రండి. తల శుభ్రంగా ఉంటేనే మా పట్టీ పనిచేసేది" అంది.

పంచాయతీ ఆఫీసు వరండాలో కూచున్న ముసలివాళ్లంతా తలలూపారు. జుబేదాబీ కూడా ఊపింది. ఊపిందే గానీ ఆమె ధ్యాస తల మీదా లేదు, పట్టీ మీదా లేదు. నిఖిత అంతకుముందు అన్న ఇంకో మాట మీద ఉంది.

"ఎవరితో కూచొని వేరుశెనగ కాయలు ఒలిచేవాళ్లో, రేపు కూడా వాళ్లతోనే కూచోండి. మాకు పాత జతలే కావాలి."

జుబేదాబీ జత శాంతమ్మ. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. వాళ్లిద్దరికీ మాటల్లేవన్న సంగతి కూడా ఊరందరికీ తెలుసు. పక్కన కూచున్న నల్లమ్మ కొంగు చాటున నవ్వుకుంటూ, "చూద్దాం, రేపు ఎవరి తలలో ఏముండాదో బయట పడతాది" అని లేచింది.

నిఖిత అనంతపురంలో పెద్ద చదువు చదువుతున్న పిల్ల. ఇద్దరు మనుషులు జతగా పని చేస్తుంటే వాళ్ల మెదళ్లు కూడా ఒక తాళంలో నడుస్తాయా లేదా అని చూడడం ఆమె చదువు. మెదడులో ఎప్పుడూ సన్నగా కరెంటు పారుతుంటుందట. దాన్ని పట్టుకొని అలలు అలలుగా గీసే మిషన్లు ఇన్నాళ్లూ పెద్ద ఆస్పత్రుల్లో, చల్లటి గదుల్లో మాత్రమే ఉండేవట. ఇప్పుడు సెల్‌ఫోను వెలకే తలకు కట్టుకునే పట్టీ వచ్చింది. "గదిలో కూచోబెడితే మనిషి బిగుసుకొని కూచుంటాడవ్వా. పని దగ్గర చూస్తే కదా తెలిసేది. అందుకే మీ ఊరికి వచ్చినాం" అని ఆమె చెప్పినప్పుడు జుబేదాబీకి ఆ మాట బాగా నచ్చింది. ఇంట్లో మనిషి వేరు, పని దగ్గర మనిషి వేరు. అది ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో సామానంతా బయట పెట్టి ఉంది. కొడుకు అస్లాం రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే చోట పనికి చేరి చాలా కాలమైంది. రోజూ బస్సులో పోయి రావడం ఇంక తన వల్ల కాదని, అక్కడే ఇల్లు చూసుకున్నాడు. మనవరాలు సుహానా పదో తరగతి పాసైంది, ఇంటర్ కూడా అక్కడే. శుక్రవారం నమాజు అయినాక బండి వస్తుంది. ఆ తర్వాత ఈ ఇంటికి తాళం.

"అమ్మా, ఆ రోలు తీసుకొని పోయేది లేదు. మిద్దె మీద ఇల్లు మనది. పైకి మోసేదానికి అయ్యేది కాదు" అన్నాడు అస్లాం.

"నేనేమన్నా అడిగితినా" అంది జుబేదాబీ.

సుహానా గిన్నెలు మూట కడుతూ, "జేజీ, రేపు శాంతమ్మ జేజి వస్తాదా?" అని మెల్లగా అడిగింది.

"వస్తే వస్తాది. రాకుంటే ఆమె మొగుడి అంగట్లో కూచుంటాది. నాకేంటికి చెప్తావు."

సుహానా మూట ముడి బిగించింది. జేజి రోజూ పొద్దున పాలకు పోయేటప్పుడు దగ్గరి దోవ వదిలేసి శాంతమ్మ ఇంటి ముందు నుంచి పోతుందని, అక్కడికి రాగానే కొంగు సర్దుకుంటుందని ఆ పిల్లకు తెలుసు. ఊరు విడిచేలోపల శాంతక్క ఒక్కసారి తన మొహం చూసి "జుబేదా" అంటే చాలు. అంతకంటే జుబేదాబీకి ఈ ఊళ్లోంచి తీసుకొని పోవాల్సింది ఏమీ మిగల్లేదు. ఆ మాట మాత్రం ఆమె ఎవరితోనూ చెప్పలేదు.

ఆ పూట ఆమె అన్నం తిని, వాకిట్లో నులక మంచం మీద కూచొని, ఎదురుగా ఉన్న ఎర్రటి చేల వైపు చూసింది. అన్నీ బీళ్లే. ఒకప్పుడు రోహిణి కార్తె వచ్చిందంటే ఈ ఊళ్లో ఏ అరుగు చూసినా బుడ్డల చప్పుడే. వేరుశెనగ కాయల్ని ఈ పక్క బుడ్డలంటారు. విత్తనానికి వాడే బుడ్డల్ని చేతితోనే ఒలవాలి. గింజ మీది ఎర్ర పొర కొంచెం గీసుకున్నా అది మొలవదు. అందుకే వానకు ముందు ఊరి ఆడవాళ్లంతా వెంకటరాముడి ఇంటి ముందు సావడిలో చేరేవాళ్లు. వెంకటరాముడు శాంతమ్మ మొగుడు. చుట్టుపక్కల రైతులందరికీ విత్తనాలు ఇచ్చేది ఆ ఇంటివాళ్లే.

ఒలిచే పద్ధతి ఒకటి ఉండేది. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూచొని కాళ్లు చాపి, అరికాళ్లకు అరికాళ్లు ఆనించుకోవాలి. నాలుగు కాళ్ల మధ్య గట్టు కట్టినట్లవుతుంది. ఆ గట్టులో బుడ్డలు పోస్తారు. ముందు రోజు నీళ్లు చిలకరించి పెట్టిన కాయ మెత్తగా ఉంటుంది. బొటనవేలితో ముక్కు మీద నొక్కితే టప్పున విచ్చుకుంటుంది. గింజలు చేటలోకి, తొక్కు వెనక్కి. మధ్యలో ఎవరూ లేవకూడదు. ఒకరు కాలు తీస్తే గుట్ట జారి అందరి గింజలూ కలిసిపోతాయి. అందుకని జత కుదరడం అంటే కాళ్లు కుదరడమే. పెళ్లై ఈ ఊరికి వచ్చిన ఏడాదే జుబేదాబీ కాళ్లు శాంతమ్మ కాళ్లకు సరిపోయాయి. ఆ ఇంటి కోడలై ఉండి కూడా శాంతమ్మ కూలివాళ్లతో సమానంగా సావట్లో కూచునేది. లోపల అత్త దగ్గర ఉండడం కంటే అదే మేలు అనేది.

ఆ అత్త సామాన్యురాలు కాదు. గడప మీద కూచొని అందరి నోళ్లూ చూసేది. నోరు ఆగిందంటే గింజలు నోట్లోకి పోతున్నట్లే అని ఆమె లెక్క. "మాట్లాడండే, కతలు చెప్పుకోండే, నోరు ఊరికే పెట్టుకోవద్దండే" అని గద్దించేది. ఏ ఊళ్లోనైనా కూలివాళ్లు మాట్లాడితే యజమానికి కోపం. ఈ ఊళ్లో మాట్లాడకుంటే కోపం. ఆ పుణ్యాన సావట్లో ఎన్ని కతలు పుట్టాయో. కడుపులో ఉన్న బిడ్డల సంగతి మొదలు, పడమట గుమ్మఘట్ట దాటినాక కన్నడం మాట్లాడే చుట్టాల సంగతి దాకా అన్నీ అక్కడే. శాంతమ్మకు గింజలంటే ప్రాణం. నాలుగు గింజలు చెంపన పెట్టుకుందంటే జుబేదాబీ వెంటనే గొంతు పెంచి, ఇద్దరి వంతూ తానే మాట్లాడేది. అత్త చెవులకు సావడి ఎప్పుడూ నిండుగానే వినిపించేది.

తర్వాత మిషన్ వచ్చింది.

వెంకటరాముడు దాన్ని బళ్లారి నుంచి లారీలో తెచ్చి సావట్లోనే దించాడు. స్విచ్చి వేస్తే ఊరు దద్దరిల్లింది. ఒక పక్క బుడ్డలు పోస్తే ఇంకో పక్క గింజలు. ఆడవాళ్లంతా వీధిలో నిలబడి చూశారు. జుబేదాబీ సగం నవ్వుతూ, సగం మండుతూ, అందరూ వినేటట్లు అనేసింది. "శాంతక్కా, నీ మిషన్ బుడ్డలు ఒలుస్తాది సరే. మాతో కూచొని మాట్లాడతాదా?"

అందరూ నవ్వారు. వెంకటరాముడి మొహం మాడింది. శాంతమ్మ మొగుడి మొహం చూసి, తర్వాత జుబేదాబీ మొహం చూసి, "మాటల కోసం వచ్చేదానివైతే ఇంక నా గడప తొక్కొద్దు" అంది.

జుబేదాబీ తొక్కలేదు. సుహానా అప్పుడు అంగన్‌వాడీకి పోయే పిల్ల. ఒకరు ముందు పలకరిస్తారని ఇంకొకరు, ఇంకొకరు పలకరిస్తారని ఒకరు చూస్తూ చూస్తూ ఇన్నేళ్లు పోయాయి. మధ్యలో జుబేదాబీ మొగుడు ఇమాంసాబ్ పోయాడు. ఆ రోజు శాంతక్క రాకుండా ఉంటుందా అని జుబేదాబీ ఏడుస్తూనే వాకిలి వైపు చూసింది. శాంతమ్మ వీధి చివరి దాకా వచ్చి నిలబడి వెనక్కి పోయిందని తర్వాత ఎవరో చెప్పారు. గడప తొక్కొద్దన్న మాట జుబేదాబీ ఎప్పుడో మరిచిపోయింది. ఇది మాత్రం మరవలేదు.

మరుసటి రోజు పొద్దున పంచాయతీ ఆఫీసు దగ్గరికి ఆడవాళ్లంతా వచ్చారు. నిఖిత, ఆమెతో చదివే భరత్‌కుమార్ రెండు చాపలు పరిచి, రాయదుర్గం సంతలో కొన్న బుడ్డల సంచి తెచ్చి పెట్టారు. ఊళ్లో బుడ్డలు దొరకవు కదా మరి. శాంతమ్మ కూడా వచ్చింది. మోకాళ్లు పట్టుకొని మెట్లెక్కి, చాపకు ఆ చివర కూచుంది. జుబేదాబీ ఈ చివర కూచుంది.

నిఖిత మొదట నల్లమ్మ తలకు పట్టీ కట్టింది. పట్టీ లోపల దువ్వెన పళ్ల లాంటివి ఉన్నాయి. అవి జుట్టు సందుల్లోంచి తల చర్మానికి తగలాలి. ఫోను చూసింది. పట్టీని అటు జరిపింది, ఇటు జరిపింది. మళ్లీ ఫోను చూసింది. విప్పి ఇంకొకరికి కట్టింది. దువ్వెన పళ్లు జారి పట్టీ చెవి మీదికి దిగింది. నిఖిత తన వేళ్లు వాసన చూసుకొని, "అవ్వా, ఏంది ఇది?" అంది.

"ఆముదం" అంది నల్లమ్మ.

నిఖిత వరండా అంతా చూసింది. ఒక్కో తలా కొత్త ఇత్తడి చెంబులా మెరుస్తోంది. జారేటంత నూనె పెట్టి, నున్నగా దువ్వి, బిగించి ముడి వేసుకొని, కొందరు పూలు కూడా పెట్టుకొని వచ్చారు.

"నిన్న తలకు పోసుకొని రమ్మన్నాను కదా."

"పోసుకుంటిమి. శీకాయతో రుద్ది రుద్ది పోసుకుంటిమి. నీళ్లు లేని ఊళ్లో ఎంత కష్టమనుకున్నావు."

"మరి నూనె?"

నల్లమ్మకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. "నలుగురు వచ్చే చోటికి ఎండు తలతో వస్తారా ఎవరన్నా? ఎండు తలతో ఉండేది జ్వరం వచ్చినోళ్లు, చావు ఇంటోళ్లు. నువ్వు ఫోటో తీస్తావని ఎక్కువే పెట్టుకొని వస్తిమి."

భరత్‌కుమార్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు. నిఖిత నుదురు కొట్టుకొని, తర్వాత తనే నవ్వింది. "నాదే తప్పు. మా అవ్వ బతికి ఉంటే నాకు ముందే చెప్పేది. ఈ నూనె ఉంటే పట్టీకి ఏమీ వినపడదు. మళ్లీ కడుక్కోవాల్సిందే."

ముందు రోజు వచ్చిన ట్యాంకరు నీళ్లు ఆఫీసు వెనక ఒక డ్రమ్ములో ఉన్నాయి. జతకు ఒక బిందె అని మాట అనుకున్నారు. భరత్‌కుమార్ అంగడికి పోయి షాంపూ పొట్లాలు దండలా మెడలో వేసుకొని వచ్చాడు. ఊళ్లో ఉన్న అంగడి వెంకటరాముడిదే.

"చూసినారా, శాంతక్కకు పొద్దున్నే గిరాకీ. ఆ ఆముదం కూడా ఆమె అంగట్లోదే" అంది నల్లమ్మ.

భరత్‌కుమార్‌ను ముందు వైపు వీధి కాపలాకు పంపించి, ఆడవాళ్లంతా వెనక్కి చేరారు. బిందె ఒకటి, తలలు రెండు. ఎవరి తల వాళ్లు కడుక్కుంటే నీళ్లు సగం నేల పాలు. ఒకరు వంగాలి, ఇంకొకరు చెంబుతో పొదుపుగా పోస్తూ రుద్దాలి. జతలు జతలుగా వంగారు. చివరికి బిందెకు ఒక పక్క జుబేదాబీ, ఒక పక్క శాంతమ్మ మిగిలారు.

కాసేపు ఇద్దరూ బిందె వైపే చూశారు. శాంతమ్మ చెంబు చేతిలోకి తీసుకుంది.

"సుహానా, మీ జేజిని వంగమను" అంది.

సుహానా అక్కడ లేదు. ఇంటి దగ్గర సామాను సర్దుతోంది. నల్లమ్మ నురగ కండ్లతోనే, "సుహానా లేదు. నేను చెప్పేదా?" అంది.

జుబేదాబీ ముసుగు తీసి, ముడి విప్పి వంగింది. నీళ్లు మెడ మీదుగా చల్లగా దిగాయి.

"నీళ్లు పోసే వాళ్లను చెవుల్లోకి పోయొద్దని చెప్పు నల్లమ్మా" అంది నేలను చూస్తూ.

"పోసేవాళ్లకు పేరు లేదా మే?"

"నువ్వు నీ తల చూసుకో."

శాంతమ్మ వేళ్లు జుట్టులోకి వచ్చాయి. గట్టి వేళ్లు. బొటనవేలి మీద ఎన్ని వేల బుడ్డలు నొక్కిందో, అక్కడ చర్మం ఇప్పటికీ గరుకుగానే ఉంది. రుద్దుతూ రుద్దుతూ ఆ చేయి ఆగిపోయింది. చెవి వెనక, నడినెత్తి మీద, మళ్లీ చెవి వెనక వెతికింది. పిడికిట్లోకి జుట్టంతా పట్టుకుంటే పిడికిలి సగం కూడా నిండలేదు. ఒకప్పుడు జుబేదా జడ అంటే మోకు తాడు. సావట్లో కూచుంటే జడ చివర చేటలో పడి గింజలు చిందేవి.

"ఏమ్మే జుబేదా, ఇంత జుట్టు యాడ పోయిందే?" అంది శాంతమ్మ.

జుబేదాబీ వంగినట్లే ఉండిపోయింది. నీళ్లు, షాంపూ కండ్లలోకి పోతున్నాయి. మంట అనడానికి ఒక సాకు దొరికింది. కొంగుతో కండ్లు తుడుచుకొని, "పోయింది అక్కా. ఆయన పోయినాక నిలబడలేదు" అంది.

శాంతమ్మ బిందెలో తన వంతు నీళ్లలోంచి కూడా రెండు చెంబులు ఆ తల మీదే పోసింది.

రోహిణి ఎండకూ, గాలికీ తలలు ఆరడానికి ఎంతో సేపు పట్టలేదు. అందరూ జుట్లు విరబోసుకొని వరండాలో కూచుంటే వీధిన పోయే మనిషి ఒకడు ఆగి, చెప్పులు విడిచి, "ఎవరమ్మా పోయింది?" అని అడిగాడు.

"బుడ్డలు పోయినాయి నాయనా. వానలు కూడా పోయినాయి. అందరం కూచొని ఏడుస్తాండాం. నువ్వూ రా" అంది నల్లమ్మ. ఆ నవ్వులు ఆగడానికే చాలాసేపు పట్టింది.

జుబేదాబీ, శాంతమ్మ ఎదురెదురుగా కూచుని కాళ్లు చాపారు. శాంతమ్మ మోకాలు పూర్తిగా చాచడానికి రాలేదు. జుబేదాబీ కొంచెం ముందుకు జరిగి, ఆమె పాదానికి తన పాదం ఆనించింది. నిఖిత మధ్యలో బుడ్డలు పోసి, ఇద్దరికీ పట్టీలు కట్టింది. ఫోనులో పైన ఒక గీత, కింద ఒక గీత వణుకుతూ పరిగెత్తడం మొదలుపెట్టాయి.

"ముందు కొంచెంసేపు మాట్లాడకుండా ఒలవండి. తర్వాత మాట్లాడుకుంటూ ఒలవండి. రెండూ పోల్చి చూస్తాను. తల మాత్రం కదిలించొద్దు, కనుబొమలు ఎగరేయొద్దు."

వేళ్లకు ఎవరూ గుర్తు చేయాల్సిన పని లేకపోయింది. టప్, టప్. మొదట ఒకరిది ముందు, ఒకరిది వెనక. కాసేపటికి ఇద్దరి చప్పుడూ సర్దుకుంది. జుబేదాబీకి సావడి గుర్తొచ్చింది. పొట్టు వాసన, చెమట వాసన, గడప మీద అత్త దగ్గు, ఊయలలో ఎవరిదో బిడ్డ ఏడుపు. కండ్లు మూసుకుంటే అన్నీ అక్కడే ఉన్నట్లున్నాయి. కండ్లు తెరిస్తే ఎదురుగా నెరిసిన జుట్టు విరబోసుకున్న శాంతక్క.

ఫోను చూస్తున్న నిఖిత కనుబొమలు ముడివేసింది. "అవ్వా, ఎవరన్నా ఏమన్నా నములుతున్నారా? దవడ కదిలితే గీత ఎగురుతుంది."

"నేనే నాలుగు గింజలు తింటి" అంది జుబేదాబీ వెంటనే. పాత అలవాటు. నోరు దానంతటదే ముందుకు వచ్చింది.

"మీది కాదవ్వా. మీ గీత నిదానంగా ఉంది. ఎగిరేది శాంతమ్మవ్వది."

శాంతమ్మ చెంపలోని గింజలు గబుక్కున మింగి, నోరు తుడుచుకుంది. "మా అత్త పోయిందనుకుంటిని. ఈ పట్టీలోకి వచ్చి కూచున్నట్లుండాది" అంది. నల్లమ్మ నవ్వుకు ఆమె పట్టీ కూడా జారిపోయింది. నిఖిత ఆ భాగం తీసేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

మాటల వంతు వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత మాట్లాడుకోండి అంటే ఏం మాట్లాడతారు. ఇద్దరూ బుడ్డలే చూస్తున్నారు. పక్క జతలోంచి నల్లమ్మే అందుకుంది. "మాట్లాడు జుబేదా. శుక్రవారం పోయేదానివి. మళ్లీ యాడ దొరుకుతావో ఏమో."

శాంతమ్మ చేతిలోని కాయ అట్లే ఉండిపోయింది. "యాడికి పోయేది?"

"రాయదుర్గానికి. అస్లాం ఇల్లు చూసినాడు" అంది జుబేదాబీ.

"ఊరు విడిచా?"

"ఊ."

శాంతమ్మ మొహం ఎర్రబడింది. లేవబోయి రెండు చేతులూ చాప మీద ఆనించింది. "అవ్వా, కదలొద్దు" అంది నిఖిత. అదొక్కటే కాదు. కాలు తీస్తే నడుమ ఉన్న గుట్టంతా జారిపోతుంది. శాంతమ్మ గుట్ట వైపు చూసి, మళ్లీ సర్దుకొని కూచుంది. తల నిటారుగా, మొహం రాయిలా, గొంతు మాత్రం కత్తిలా.

"ఊరందరికీ తెలుసు. నల్లమ్మకు తెలుసు. నాకు తెలీదు."

"నీకు ఎట్ల చెప్పేది? మొహం చూసేదానివా?"

"నువ్వు చూపించినావా? పాలకు పోయేటప్పుడు నా ఇంటి ముందర ముసుగు మొహం మీదికి లాక్కొని పోతావే. చూడలేదనుకున్నావా."

"ముసుగు లాక్కునేది సర్దుకునేదానికి. నువ్వు గడపలో నిలబడతావని."

"నిలబడితిని కదా. రోజూ నిలబడతాండా."

ఇద్దరి చేతులూ బుడ్డలు ఒలుస్తూనే ఉన్నాయి. తలలు కదలడం లేదు. కనుబొమలు ఎగరడం లేదు. దేవుడి ముందర దీపాలు పట్టుకొని కూచున్న బొమ్మల్లా కూచొని ఆ ఇద్దరూ కొట్లాడుతుంటే పక్క జతలన్నీ ఒలవడం మానేసి చెవులిచ్చాయి.

"ఇమాంసాబ్ పోయిన పొద్దు వీధి చివర్నించే వెనక్కి పోతివి" అంది జుబేదాబీ. ఇన్నేళ్లు మింగిన మాట అది. "గడప తొక్కొద్దన్న మాట నాకు నొప్పి లేదు. అది మాత్రం నొప్పి."

శాంతమ్మ వేళ్లు ఆగాయి. "ఎవరు చెప్పింది నీకు? నీ వాకిట్లోకే వస్తిని. జనంలో నిలబడి నిన్నే చూస్తాంటి. నువ్వు నన్ను చూసి, తల గోడ వైపుకు తిప్పుకొంటివి. ఈ పొద్దు కూడా నా మొహం చూడదల్చుకోలేదని పోతిని."

"నేను తిప్పుకోలేదక్కా. నాకు ఎవరూ కనపడలేదు. గోడకు తల కొట్టుకుంటాంటి."

శాంతమ్మ కండ్లలోంచి నీళ్లు కారి గడ్డం దాకా వచ్చాయి. చేయెత్తి తుడుచుకుంటే తల కదులుతుందని తుడుచుకోలేదు. జుబేదాబీయే ముందుకు వంగి, తన కొంగుతో ఆ గడ్డం తుడిచింది. ఫోనులో రెండు గీతలూ పిచ్చిపట్టినట్లు ఎగిరాయి. నిఖిత ఫోను చాప మీద బోర్లా పెట్టింది.

కాసేపటికి శాంతమ్మ ముక్కు చీదుకుంది. "ఆ మిషన్ కోసరం కదా నాకీ గతి. చేలల్లో బుడ్డలే వేయకపోయె, మిషన్ ఏం ఒలుస్తాది. మూల పడి తుప్పు పట్టింది. మా కోళ్లు దాంట్లో గుడ్లు పెడతాండాయి."

"గుడ్లన్నా పెడతాండాయి కదా" అంది జుబేదాబీ. "మాట్లాడతాండాదా మరి?"

శాంతమ్మ ఆమె అరికాలిని తన అరికాలితో ఒక్క తన్ను తన్నింది. మెల్లగానే.

ఎండ వరండా అంచు దాకా వచ్చింది. నిఖిత పట్టీలు ఒక్కొక్కటే విప్పి, గుడ్డతో తుడిచి డబ్బాల్లో పెట్టుకుంది. జుబేదాబీ దువ్వెన పళ్లు గుచ్చుకున్న నుదురు రుద్దుకుంటూ, "ఏమమ్మా, మా ఇద్దరివీ కలిసినాయా లేదా?" అని అడిగింది.

నిఖిత కొంచెం ఆలోచించింది. "నిజం చెప్పాలంటే ఇప్పుడే తెలీదవ్వా. మాట్లాడినప్పుడు, ఏడ్చినప్పుడు, నమిలినప్పుడు వచ్చిన గీతలన్నీ తీసేయాలి. తీసేసినాక ఏం మిగులుతుందో చూడాలి."

"అవన్నీ తీసేస్తే ఇంకేం మిగులుతాదమ్మా" అంది శాంతమ్మ.

నిఖిత నవ్వుతూ డబ్బాలకు మూతలు పెట్టింది. నల్లమ్మ, మిగతా ఆడవాళ్లు ఒలిచిన గింజలు చేటల్లో ఎత్తి ఇచ్చి, జుట్లు ముడి వేసుకుంటూ లేచారు. వీళ్లిద్దరూ లేవలేదు. కాళ్ల మధ్య గుట్ట ఇంకా సగం ఉంది. సగం గుట్ట వదిలేసి లేవడం సావట్లో ఎప్పుడూ లేదు. పట్టీలు లేని తలలు ఇప్పుడు హాయిగా ఊగుతున్నాయి. రాయదుర్గంలో ఇల్లు ఎట్లా ఉంటుంది, ఎండకు మిద్దె కాగుతుందా, నీళ్లు రోజూ వస్తాయా, సుహానా కాలేజీ దగ్గరా దూరమా అని శాంతమ్మ అడుగుతూనే ఉంది. జుబేదాబీ తనకు తెలిసింది చెప్పింది, తెలియనిది కూడా చెప్పింది.

అస్లాం తల్లిని వెతుక్కుంటూ వచ్చాడు. వరండా మెట్ల దగ్గరే ఆగిపోయాడు. తల్లి విరబోసుకున్న జుట్టుతో శాంతమ్మకు ఎదురుగా కూచొని ఉంది. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అమ్మా, బండాయన వచ్చినాడు. సామాను ఎంతుండాదో చూడల్లంట. శుక్రవారం ఎన్ని గంటలకు అని అడుగుతాండాడు."

జుబేదాబీ నోరు తెరిచేలోపల శాంతమ్మ అందుకుంది. "శుక్రవారం కుదరదని చెప్పుపో."

"ఏంటికి అత్తా?" అన్నాడు అస్లాం. చిన్నప్పుడు పిలిచిన పిలుపు, అప్రయత్నంగా వచ్చింది.

"శుక్రవారం మేం మా ఇంట్లోంచి ఆడమనిషిని పంపించం. అంగట్లో సామాను కూడా బాకీకి ఇయ్యం ఆ పొద్దు."

"మీ ఇంట్లోంచా నేను పోయేది?" అంది జుబేదాబీ.

"మరి యాడ నుంచి?" అంది శాంతమ్మ, అది కూడా అడగాల్సిన మాటేనా అన్నట్లు.

"మాకు శుక్రవారమే మంచిది."

"మీకు మంచిదే. నాకు కాదు. శనివారం నాకు ఉపాసం, నిన్ను చూసుకునే ఓపిక ఉండదు. ఆదివారం పో. అంతలోపల ఈ తలకు రోజూ నూనె పెట్టుకో, చూడలేకుండాను."

అస్లాం తల గోక్కున్నాడు. బండి వాడికి ఇచ్చిన మాట ఉంది, సోమవారం పొద్దున పని ఉంది. తల్లి వైపు చూశాడు. జుబేదాబీ కొడుకు వైపు చూడలేదు. ఒక కాయ ముక్కు మీద బొటనవేలు పెట్టి నొక్కి, రెండు గింజలు చేటలో వేసింది.

"చెప్పినారు కదప్పా పెద్దామె. ఆదివారం అని చెప్పుపో" అంది.

అస్లాం మెట్లు దిగి పోయాడు. శాంతమ్మ పక్కనున్న సంచి దగ్గరికి లాక్కొని, మూతి విప్పి, ఇంకో రెండు దోసిళ్ల బుడ్డలు గుట్ట మీదికి వంచింది.